బావగారి ఆరని కాయ

ఆవిడను అందరూ కాటా అక్క అనేవారు. చిన్న రైతులు కలిసి పెట్టుకున్న సంఘం గోదాములో కాటా దగ్గర కూర్చునే పని ఆవిడది. అంతకుముందు ఎవరి వేరుశనగ వాళ్లు షావుకారు గుమ్మం ముందు దించి, అతను ఎంతంటే అంతకు తలూపి వచ్చేవారు. నాలుగు బస్తాలవాడి మాట ఎవరు వింటారండీ! అందుకే ఆవిడ ఇల్లిల్లూ తిరిగి, కాళ్లావేళ్లా పడి అందరినీ ఒకచోటికి చేర్చింది. అందరి కాయా ఒకే రాశి పోసి నూనె మిల్లుకు అమ్మితే మొదటి రెండేళ్లూ మంచి ధర పలికింది. ఆ ధరతోనే ఆవిడ ఇంటికి కురవని కప్పు పడింది.

రాశి ఒక్కటే కాబట్టి నియమమూ ఒక్కటే. కాటా ఎక్కించేముందు ప్రతి బస్తాలోంచీ గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఊపాలి. గింజ గలగలలాడితే లోపలికి, లేకపోతే మళ్లీ ఎండకు. ఈ విషయంలో ఆవిడకు మొహమాటం లేదు. సొంత మొగుణ్ణే ఒకసారి బస్తాలతో సహా ఇంటికి పంపింది. ఆ సంగతి చెప్పుకుని జనం చాన్నాళ్లు నవ్వుకున్నారు.

మూడో ఏడు బావగారు వచ్చారు. భర్తకు అన్న, ఇంటికి పెద్ద. ఆయన కాయ ఊపితే చప్పుడే లేదు.

"ఇంకో రెండు రోజులు ఎండనివ్వండి బావగారూ."

"అందరి ముందూ నన్ను నిలబెడతావామ్మా? మీ పెళ్లి దగ్గరుండి చేసింది నేను. ఇవాళ నా కాయే నీకు పనికిరాకుండా పోయిందా?"

వెనక వరుసలో జనం చూస్తున్నారు. ఆవిడ ఆ బస్తాలను కాటా ఎక్కించింది. పోనీలే, రాశిలో కలిసి అవే ఆరిపోతాయని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఆరిపోతాయట! తలుపులు మూసిన గోదాములో ఏం ఆరుతాయి? ఆ మాత్రం ఆవిడకు తెలియకనా?

లారీ వచ్చిన రోజు తలుపు తీయగానే ముక్కిన వాసన గుప్పుమంది. రాశి నడుమ పుట్టిన బూజు నలువైపులా పాకింది. మిల్లు మనిషి పైనున్న మంచి కాయను కూడా ముట్టుకోలేదు. లారీ ఖాళీగా వెళ్లిపోయింది. ఆవిడ సొంత పంటా ఆ రాశిలోనే ఉంది.

"తప్పు నాదే. నేనే చూసీ చూడనట్టు వదిలేశాను," అని ఆవిడ అందరి ముందూ ఏడ్చింది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. సంఘం మాట మాత్రం మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మరుసటి పంటకు ఆవిడ షావుకారు గుమ్మం ముందు వరుసలో నిలబడింది. ముందున్నది బావగారే. షావుకారు కూర్చున్నచోటి నుంచి లేవకుండా గుప్పెడు కాయ చెవి దగ్గర ఊపి, మళ్లీ బస్తాలోకి విసిరేశాడు.

"ఆరలేదు. తీసుకుపో."

"అలాగేనయ్యా. బాగా ఎండబెట్టి తెస్తాను," అన్నారు బావగారు, చేతులు కట్టుకుని. బస్తాలు బండికెత్తుకుని మరదలి వైపు చూడకుండా వెళ్లిపోయారు.

ఆవిడ ఆ బండి వైపే చూస్తూ నిలబడింది. ఈ ఒక్క మాట ఆ రోజు తనతో అని ఉంటే!

తరువాత ఆవిడ వంతు. కాయ గలగలలాడింది. షావుకారు మిల్లు ధరలో సగం చెప్పాడు. ఆవిడ తలూపింది.