తాబేలు పిల్లకు తలంటు

సూరమ్మంటే ఏలూరులో చాలామందికి గౌరవం. నాకు లేదు. పసిబిడ్డలకు నీళ్లు పోయడం ఆవిడ వృత్తి. చాపిన కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టుకుని, నడినెత్తిన మెత్తగా ఉండే మాడు మీద ఆముదం అద్ది, ముక్కూ తలా సాపు చేసేది. ముక్కు సూదిగా వస్తే తన హస్తవాసి, చప్పిడిగా వస్తే తల్లి పోలిక. ఎన్నేళ్లయినా ఆవిడ లెక్క మారలేదు.

1936లో మా పక్కింటి రామలక్ష్మి ఒక మెట్ట తాబేలు పిల్లను పెంచుతోంది. అంతకుముందు ఆమెకు ఒక బిడ్డ పోయింది. మళ్లీ నీళ్లోసుకుంది. ఈ ప్రాణి దక్కితే కడుపులోదీ దక్కుతుందని మనసులో పెట్టేసుకుంది. ఆ తాబేలేమో కళ్లు తెరవడం మానేసింది. చిప్ప నొక్కితే సొట్ట పడుతోంది. భయపడి సూరమ్మను పిలిపించింది.

సూరమ్మ బొటనవేలితో చిప్ప నొక్కి చూసింది.

"మాడు ఇంకా పూడలేదండీ. పసిగుడ్డు కదండీ, ఆముదం పెట్టి తలంటితే గట్టిపడుద్దండి."

తాబేలు వీపును మాడు అన్న మనిషిని నేను మరొకరిని చూడలేదు. ఇక రోజూ ఆముదం, సున్నిపిండి, సాంబ్రాణి పొగ. ఆపైన గాలి సోకకుండా గుడ్డ చుట్టి చీకటి గదిలో పడుకోబెట్టడం.

"కాస్త ఎండ తగలనివ్వకూడదూ?" అన్నాను.

"తమరెంతమందిని పెంచారండీ?" అంది సూరమ్మ. నేను బ్రహ్మచారిని.

చిప్ప మరీ మెత్తబడింది. ఇంతలో కలిదిండి నుంచి పురిటి పిలుపొచ్చి సూరమ్మ వెళ్లింది. అక్కడే పురుడు మీద పురుడు తగిలి దసరా దాకా రాలేదు. ఆముదం కంపు భరించలేక రామలక్ష్మి తాబేలును వెడల్పాటి పళ్లెంలో, గోరువెచ్చని నీళ్లలో, గడ్డం మునగకుండా కూర్చోబెట్టింది. అది మెడ చాచి ఆబగా నీళ్లు తాగింది. కాసేపటికి కళ్లు తెరిచింది. ఆనాటి నుంచి రోజూ అదే పని. తుడిచి పెరట్లో పొద్దుటెండలో వదిలితే మునగాకు మేసేది. దసరా వచ్చేసరికి చిప్ప గట్టిపడింది.

సూరమ్మ తిరిగొచ్చి అదే బొటనవేలితో నొక్కింది.

"చూశారా అండీ, మాడు పూడింది. ఆముదం ఊరికే పోద్దా అండీ?"

నీళ్లు ఒంపని పళ్లెం రామలక్ష్మి చేతిలోనే ఉంది.

"అంతా నీ చేతి చలవే సూరమ్మా," అంది కళ్లనీళ్లు పెట్టుకుని. "నా బిడ్డకూ నువ్వే నీళ్లు పోయాలి."

పోయిన బిడ్డకు నీళ్లు పోసిందీ ఆ చేతులే. అప్పుడు మాత్రం తప్పు తల్లి పాలల్లో ఉందని సూరమ్మ ఊరంతా చెప్పింది.