ఫ్లాపీలోకి రాని పాఠాలు

దూరవిద్యలో ఎం.ఎస్సీ. లెక్కలు కట్టినవాళ్ళం మా ప్రైవేటు స్కూల్లో ఇద్దరమే. నేనూ, వినగడప నుంచి బస్సులో వచ్చే ఒక టీచరమ్మాయీ. ఆ ఏడాది మా స్కూలుకు ఇంటర్ కలుపుతున్నారు. మా ఇద్దరిలో ఎవరికి మార్కులు ఎక్కువొస్తే వాళ్ళకే ఆ క్లాసులని కరస్పాండెంటు గారు ముందే చెప్పేశారు. నేను అప్పటికే ఒక పేపరు తప్పి ఉన్నాను. ఆమె నాకన్నా ఆరేళ్ళు చిన్నది.

దూరవిద్య వాళ్ళల్లో ఒక అలవాటుండేది. మెటీరియల్ అనేది ఎవరూ ఎవరికీ ఇవ్వరు. యూనివర్సిటీ పంపిన పుస్తకాల్లో సిద్ధాంతాలే గానీ చేసి చూపించిన లెక్కలు తక్కువ, అందుకే సీనియర్ల నోట్సుకు అంత గిరాకీ. నా దగ్గర ఒక సెట్టు ఉండేది. ఆమె అడిగితే మా చెల్లెలు పట్టుకెళ్ళిందన్నాను. నాకసలు చెల్లెలే లేదు.

కొన్నాళ్ళకు దూరవిద్య వాళ్ళు పెట్టే ఆదివారం క్లాసుల్లో సారు ఏ లెక్క అడిగినా ఆమే లేచి చెప్పడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయేది. విజయవాడలో ట్యూషనేమైనా పెట్టించుకుందా అని ఆరా తీశాను. అదేం కాదు. ఏదో విదేశీ యూనివర్సిటీ తన పాఠాలూ, లెక్కలూ, జవాబులూ అందరికీ ఉచితంగా నెట్‌లో పెట్టిందట. బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో కూర్చుని అవి దించుకుంటోందట. జవాబులతో సహా ఊరికే ఎవరు పెడతారు? నేనైతే పెట్టను.

శనివారం స్కూలు వదలగానే ఫ్లాపీ బ్యాగులో వేసుకుని అక్కడికి వెళ్ళాను. నేను నోరు తెరవకముందే సెంటరతను మూడో కంప్యూటరు చూపించాడు.

"ఆవిడ పాఠాలు అందులో ఉన్నాయి మేడమ్. మీరొస్తారని చెప్పారు. అడగడానికి మొహమాటపడతారు, మీరే చూపించండి అన్నారు."

ఆ మాటకు సంతోషించాల్సింది పోయి ఇంకా కుళ్ళుకున్నాను. చివరి రెండు పాఠాలు ఆమె ఇంకా చదవలేదని నాకు తెలుసు. తెర మీద ఆ పాఠాల పేరుతో ఉన్న ఐకాన్‌ను ఫ్లాపీలోకి ఎక్కించుకుని, అతను అటు తిరగగానే తెర మీద నుంచి తుడిచేశాను.

సోమవారం స్కూలు కంప్యూటర్లో ఫ్లాపీ తెరిచి చూస్తే పేరుంది, పాఠాల్లేవు. నేను ఎత్తుకొచ్చింది గుమ్మం మీది బోర్డు మాత్రమే, ఇల్లు అక్కడే ఉంది.

ఆ మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో ఆమె నా పక్కన కూర్చుంది.

"అక్కా, అక్కడ ఐకాన్ ఎవరో పొరపాటున తీసేశారంట. పాఠాలు లోపల భద్రంగానే ఉన్నాయిలెండి. మీకు దొరికాయో లేదోనని ప్రింట్లు తీయించా" అంటూ కాగితాల కట్ట నా ఒళ్ళో పెట్టింది. పొరపాటున అన్నప్పుడు నా మొహంలోకి చూడలేదు.

తీసుకున్నాను. తీసుకోక ఏం చేస్తాను? నేను తప్పిన పేపర్లో వచ్చే లెక్కల పక్కన పెన్సిలుతో గుర్తులు కూడా పెట్టింది. ఆ గుర్తులు చూసినప్పుడల్లా ఇలాంటి మనసు ఈమెకెందుకుంది, నాకెందుకు లేదని ఏడుపొచ్చేది. చివరికి ఆమె మంచితనం మీద కూడా అసూయే.

ఇద్దరం పాసయ్యాం. నాకు నాలుగు మార్కులు ఎక్కువొచ్చాయి, ఇంటర్ క్లాసులు నాకిచ్చారు. ఎలా చదివారని స్టాఫ్‌రూమ్‌లో మిగతా టీచర్లు అడిగితే సొంతంగానే అన్నాను. ఆమె అక్కడే కూర్చుని, విని కూడా పేపర్లు దిద్దుకుంటూనే ఉంది.