మొదటి గుక్క

నెలకొక ఆదివారం ఆ లూథరన్ గుడిలో ప్రభు భోజనం ఇస్తారు. అందరికీ ఒకటే గిన్నె. అందులో ద్రాక్షారసం మొదటి గుక్క ఎప్పుడూ కన్యకదే. పన్నెండేళ్ళుగా అంతే. అయ్యగారు గిన్నె చేత పట్టుకోగానే ఆడవాళ్ళంతా చాపల మీంచి లేచి, పక్కకి జరిగి దారి ఇచ్చేవారు. "అమ్మగారూ, మీరు పదండి" అనేవారు. పిచ్చిది, మొదట్లో ఆ మర్యాదకి పొంగిపోయింది!

మరి పొంగిపోదూ? పాలకొల్లు బజారులో ఇత్తడి సామాన్ల కొట్టున్న గున్నేశ్వరరావుగారి రెండో కూతురు ఆమె. ఊరవతల పేటలో పుట్టి పంతులైన జీవరాజుని డెబ్భై రెండులో పెళ్ళి చేసుకుంది. కూతురు చచ్చిందని తండ్రి తలారా స్నానం చేశాడు. ఏడాది తిరక్కుండానే, ఉండబట్టలేక, ఓ మధ్యాహ్నం పుట్టింటి పెరటి గుమ్మంలో నిలబడింది. తల్లి చూసింది, ఏడ్చింది, దాహమా అని అడిగింది. అడిగి, దోసిలి పట్టమని చెంబు ఎత్తి పైనుంచి నీళ్ళు పోసింది. కొట్టు నిండా గ్లాసులే, ఇంటి నిండా గ్లాసులే! ఆ నీళ్ళు సగం మోచేతుల మీదుగా కారిపోయాయి. మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు కన్యక.

అలాంటి మనిషికి గుడిలో ముందు చోటంటే మాటలా? బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఎంత సంబరపడిందో, మోకాళ్ళూని ఆ మొదటి గుక్క తాగిన ప్రతిసారీ అంత సంబరపడేది. నాకూ ఓ జనం దొరికారు అనుకునేది.

ఆ సంబరం కాస్తా బేబి వల్ల పోయింది. బేబి సంపూర్ణమ్మ మనవరాలు. సంపూర్ణమ్మ జీవరాజుకి పినతల్లి, పేటలో పెద్ద దిక్కు. కన్యక నోరారా "అత్తా" అని పిలిస్తే, ఆవిడ మాత్రం "చెప్పండమ్మగారూ" అనే పలికేది. కొత్తగా కన్ఫర్మేషన్ అయి, అప్పుడే ప్రభు భోజనంలో చేరిన పిల్ల బేబి ఓ ఆదివారం హడావిడిగా వెళ్ళి అందరికంటే ముందు మోకాళ్ళూనింది. సంపూర్ణమ్మ జడ పట్టుకుని వెనక్కి లాగింది.

"ఒసేయ్, లేవే! అమ్మగారు తాగాకే మనం. మన ఎంగిలి ఆవిడ చేత తాగిస్తావా?"

మెల్లగానే అంది. కన్యక చెవిన పడనే పడింది.

ఇంటికొచ్చి మొగుణ్ణి నిలదీసింది. "ఆడవాళ్ళు ముందెళ్ళడం మన గుడిలో మొదట్నించీ ఉందాండీ?"

"లేదు. నువ్వొచ్చాకే పెద్దలు మార్చారు. అంతకుముందు మగాళ్ళే ముందు."

"ఎందుకు మార్చారు?"

"నీకు ఇబ్బందని."

"నన్నెవరడిగారండీ? రోజూ పొద్దున్నే మీరు సగం తాగిన గ్లాసులోనే కదా నేను కాఫీ తాగేది! నాకేం ఇబ్బంది?"

జీవరాజు ఆమెని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "హోటల్లో మావాళ్ళ గ్లాసులు బయట చూర్లో దోపేవాళ్ళు కన్యకా. తాగి, కడిగి, మళ్ళీ అక్కడే పెట్టాలి. పుట్టినప్పట్నించీ ఉన్న భయం గుడి గుమ్మం దగ్గర ఆగిపోతుందా? ఓపిక పట్టు. వాళ్ళే మర్చిపోతారు."

పట్టింది. ఊరికే పట్టలేదు పాపం. సంపూర్ణమ్మ ఇంటికెళ్ళి మంచినీళ్ళడిగితే, ఆవిడ కంగారుపడి బేబిని సోడాకి పరిగెత్తించింది. కోతపండుగ విందులో బంతిలో కూర్చోబోతే కుర్చీ తెచ్చి వేశారు, అన్నానికి బదులు అరటిపళ్ళు పెట్టారు. అంత ప్రేమగా పెడుతుంటే ఎవరితో పోట్లాడుతుంది?

ఎనభై నాలుగులో జీవరాజుకి పచ్చకామెర్లు ముదిరాయి. "నాకేమన్నా అయితే మావాళ్ళున్నారు నీకు" అన్నాడు ఆఖర్న. ఉన్నారు, ఎందుకు లేరు? పేటంతా కూలి మానుకుని ఏడ్చింది. సంపూర్ణమ్మ పదిరోజులు ఆమె గుమ్మంలోనే పడుకుంది. గుమ్మంలోనే, లోపలికి రమ్మంటే రాలేదు.

ఆ తరవాత వచ్చిన ప్రభు భోజనం ఆదివారం కన్యక గట్టిగా నిశ్చయించుకుంది. ఈరోజు అందరూ తాగాకే తాగుతాను. వీళ్ళ దాన్నో కాదో ఈ ఒక్కరోజుతో తేలిపోవాలి అనుకుంది. తలుపు దగ్గర చిట్టచివరి చాప మీద కూర్చుంది.

అయ్యగారు గిన్నె చేత పట్టుకున్నారు. ఆడవాళ్ళు లేచారు, జరిగారు, దారి ఇచ్చారు. కన్యక లేవలేదు. ఒక్కరూ ముందుకి కదల్లేదు. పాట అయిపోయింది. మళ్ళీ మొదలెట్టారు. అదీ అయిపోయింది. గిన్నె పట్టుకుని అయ్యగారు అలాగే నిలబడ్డారు.

సంపూర్ణమ్మ వచ్చి పక్కన కూలబడింది. "లేవండమ్మగారూ. అయ్యగారు నిలబడిపోయారు."

"మీరంతా తాగండత్తా. నేను ఆఖర్న వస్తాను. మీ తరవాత."

"అమ్మో, ఆ మాటనకండి!" ముసలామె కళ్ళనిండా నీళ్ళు. "మాస్టారు పోగానే ఆవిడకి మర్యాద తగ్గించేశారని రేపు ఊళ్ళో అనుకోరా? మా అబ్బాయి పైనుంచి చూస్తే ఏమనుకుంటాడు? వాడు మాకు అప్పజెప్పిపోయాడండీ మిమ్మల్ని. మా మొహం చూసి లేవండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

నిజంగానే పట్టుకోబోయింది. ఆ చేతులు రెండూ కన్యక గభాల్న పట్టేసుకుంది. లేచింది. మధ్యలో వాళ్ళు వదిలిన దారమ్మట నడిచి, ఎప్పటి చోటే మోకాళ్ళూనింది.

గిన్నె అంచు పొడిగా, చల్లగా ఉంది. తాగింది. తిరిగొచ్చి చాప మీద కూర్చుని చూసింది. సంపూర్ణమ్మ తాగింది, సత్యకుమారి తాగింది, బేబి తాగింది. ఒకరి తరవాత ఒకరు అదే గిన్నెలో తాగుతూ, మోచేతులు తగులుతూ పక్కపక్కనే మోకాళ్ళ మీద ఉన్నారు. ఆమె విడిచిన మొదటి చోటు ఖాళీగానే ఉంచారు.

తన ఎంగిలి ఆమెకి పెట్టిన మనిషి ఈ లోకంలో ఒక్కడే. ఆయన్ని మట్టిలో పెట్టి ఆ ఆదివారానికి పదిహేడు రోజులు.