రోజూ ఉండే నొప్పి

పొద్దున్నే కెటిల్ పొయ్యి మీద పెట్టి, వంటింట్లో బోర్లా పడుకున్న మా ఆయన క్లెమ్ నడుం మీద మోకాళ్ళు ఆనించి నొక్కేదాన్ని. డార్లింగ్ నది పొడవునా షెడ్డు షెడ్డుకీ తిరిగి, గొర్రెల మీద వంగి ఉన్ని కత్తిరించిన నడుం అది. క్లెమ్ చేతి కింద గొర్రె గింజుకునేది కాదు. నీళ్ళు మరిగేలోపు ఆయన నొప్పి సర్దుకునేది. పట్నంలో స్కానింగ్ అయిన రోజు నుంచి నొక్కడం మానేశాను.

మూత్రపిండాల్లో రాళ్ళున్నాయేమోనని తీయిస్తే, వెతకనిది కనబడింది. గుండె నుంచి పొట్టలోకి దిగే పెద్ద రక్తనాళం ఒకచోట, అరిగిన సైకిల్ ట్యూబులా ఉబ్బిందట. డాక్టరమ్మ సిగరెట్లు మానమంది, బరువులెత్తొద్దంది.

"కోసి బాగుచేసెయ్యండి మరి," అన్నాడు క్లెమ్.

"ఆపరేషన్ చేసేంత పెద్దది కాలేదింకా. ఆర్నెల్లకోసారి చూద్దాం. ఈలోపు ఉన్నట్టుండి పొట్టలోగానీ నడుంలోగానీ నొప్పొస్తే ఆగొద్దు, అంబులెన్సు పిలవండి. అది పగిలితే మనిషి దక్కడం కష్టం."

"నడుం నొప్పా? అది నాకు రోజూ ఉండేదే తల్లీ. ఇక్కడే ఓ మంచం వేయించు, ఉండిపోతా."

ఆవిడ నవ్వలేదు.

ఇక షెడ్డుకు రావద్దని మేస్త్రీ చెప్పేశాడు. కత్తెర కోసం దొడ్లో కుక్కిన గొర్రెలా క్లెమ్ వరండాలో కూర్చునేవాడు. దగ్గినా చూసేదాన్ని, వంగినా చూసేదాన్ని.

"అలా చూడకు థెల్మా, నేనేమన్నా బాంబునా?"

"ఇవాళ్టి నొప్పి పాతదా, కొత్తదా?"

"దాన్నే అడుగు."

ఓ ఆదివారం, ఆయనతో కలిసి పనిచేసిన బార్నీ టీకి వచ్చినప్పుడు, క్లెమ్ నడుం పట్టుకుని నేల మీద వాలిపోయాడు.

"గొర్రె లేకుండానే వంగుతున్నావేంట్రా ముసలోడా," అన్నాడు బార్నీ.

క్లెమ్ ఎదురు తిట్టలేదు. వెల్లకిలా పడుకున్నా, ఒత్తిగిలినా నొప్పి తగ్గలేదు. నుదురు ముట్టుకుంటే చల్లటి చెమట.

"కాసేపాగు థెల్మా, నడుమే కదా, సర్దుకుంటుంది," అన్నాడు బార్నీ.

"ఇది ఆ నొప్పి కాదు బార్నీ," అంటూ ఫోను అందుకున్నాను.

"కొత్తదే," అన్నాడు క్లెమ్, కింద నుంచి.

అంబులెన్సు వచ్చింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాల్సిన విమానం ఇంకా ఆకాశంలో ఉండగానే, అది దిగాల్సిన మైదానం పక్కన, నా చెయ్యి పట్టుకుని ఆయన పోయాడు.

ఆ తొందరలో మా గేటు తెరిచే ఉండిపోయింది. ఈ సీమలో పిల్లలకు నడక వచ్చాక నేర్పే మొదటి మాట, తీసిన గేటు వెయ్యమనే. ఎక్కడివో మేకలొచ్చి గులాబీలన్నీ మేసిపోయాయి.

"వెళ్తూ గేటు వేసేసి పోనా?" అన్నాడు నిన్న బార్నీ.

"ఉండనీ," అన్నాను.

సాయంత్రం అక్కడిదాకా నడిచాను. ఆయన ఆఖరిసారి దాటిన గేటు మీద చెయ్యి వెయ్యకుండానే తిరిగొచ్చాను.