తూర్పు దిక్కు పందెం

ఆ రోజుల్లో మాకు విదేశమంటే సముద్రం అవతల ఉండేది కాదు, తుంగభద్ర అవతలి గట్టు. కర్నూలు దగ్గర ఏరు దాటితే నైజాం రాజ్యం. అక్కడి నాణెం వేరు, పోలీసుల తలపాగా వేరు, పొద్దు కూడా మనకంటే కాస్త ఆలస్యంగా పొడుస్తుందని మా అత్త గట్టిగా నమ్మేది. ఎండాకాలంలో మోకాలి లోతు నీళ్ళలో బండి దిగి అవతల ఎక్కితే చాలు, పరదేశం. అటువంటి పరదేశానికి నేను ఒక్కసారే పోయాను. పోయింది తీర్థానికి కాదు, పెళ్ళికీ కాదు. ఫుట్‌బాల్ ఆట చూసి, దాని మీద పందెం కాయడానికి. (ఈ మాట రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. అరవై దాటాక నేర్చుకున్న అక్షరాలు ఇవి. మంచి సంగతులు రాయడానికే నేర్చుకుంటున్నాననుకున్నాను.)

నాకప్పుడు పదిహేడేళ్ళు. మా ఊరు నందికొట్కూరు పక్కన. ఉన్నది మెట్ట చేను, ఒక బండి, ఒక జత ఎద్దులు. ఆ ఎద్దులు నేను కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి కోడెదూడలుగా నా వెంట వచ్చినవి. ఒకటి నల్లటి కర్రెద్దు, ఒకటి గోధుమరంగు పుల్లెద్దు. వాటికి కుడితి పెట్టేది నేనే, జ్వరమొస్తే పక్కన కూర్చునేదీ నేనే. మా ఇంటికి ఆస్తి అన్నా, అన్నం అన్నా అవే. ఇక మా మామగారి తమ్ముడు ఒకాయన ఉండేవాడు, నాకు చిన్నమామ. పొట్టేళ్ళ పందెమంటే ఆయనకు ప్రాణం. మా వైపు పందెంలో ఫలానావాడి పొట్టేలు గెలుస్తుందని ఎవరూ నోటితో అనరు. అంటే వాడి వర్గంలో చేరినట్టే, మర్నాడు అవతలి వర్గం కట్టెలు పట్టుకుని వాకిట్లోకి వస్తుంది. అందుకని ఒక పొట్టేలును తూర్పున, ఒకదాన్ని పడమర నిలబెట్టి "నాది తూర్పు", "నాది పడమర" అని కాస్తారు. దిక్కు మీద ఎవరికీ పగ ఉండదు గదా. నేను కొత్తగా వచ్చిన ఏడు, చాటతో జొన్నలు చెరుగుతుంటే చిన్నమామ ఊరికే అడిగాడు, "కోడలా, యా దిక్కమ్మా?" అని. నేను ఊరికే "తూర్పు" అన్నాను. (మా పుట్టిల్లు తూర్పున ఉంది, అంతకు మించి శాస్త్రమేమీ లేదు.) తూర్పు పొట్టేలు గెలిచింది. ఆనాటి నుంచి నా నోరు ఆయనకు పంచాంగమైపోయింది.

ఆ ఏడు వేసవిలో మా వీధి దూదేకుల సాయిబన్న ఈ ఆట సంగతి మోసుకొచ్చాడు. ఏటా కొన్నాళ్ళు ఆయన ఏటి అవతల ఒక పత్తి సేటు దగ్గర దూది ఏకడానికి పోయేవాడు. "పదకొండు మంది ఈ తట్టు, పదకొండు మంది ఆ తట్టు, నడుమ తోలుబంతి ఒకటి. దాని కోసం పొట్టేళ్ళ మాదిరి గుద్దుకుంటారప్పా! మా సేటు ఏటేటా పందెం కాస్తాండాడు" అన్నాడు. చిన్నమామ కళ్ళు మెరిశాయి. "నిలబడేది ఎట్ల? దిక్కుల ప్రకారమేనా?" "అవును, తూర్పు ఒకరు, పడమర ఒకరు. నేను కండ్లారా చూస్తిని గదా!" సాయిబన్న అబద్ధం చెప్పలేదు. కాకపోతే కిందటేడు ఆయన చూసింది సగం ఆటే. నమాజు వేళయిందని లేచి పోయాడు. ఆ మాట మాకు తర్వాత చెప్పాడు, చాలా తర్వాత.

అత్తకు మొక్కు తీర్చుకోవడానికి పోతున్నామని చెప్పి బండి కట్టాం. మా ఆయన, చిన్నమామ, సాయిబన్న, పంచాంగంగా నేను. ఏరు దాటగానే సుంకం చౌకీ గుమాస్తా ఒక కాగితం మీద "బండి ఒకటి, జత ఒకటి" అని రాసిచ్చి, "తిరిగి పోయేటప్పుడు లెక్క సరిపోవాలె" అన్నాడు. చిన్నమామ నవ్వి, "లెక్క పెరుగుతాది గాని తగ్గదు సామీ" అన్నాడు. ఆ నవ్వు నాకింకా చెవుల్లో ఉంది.

ఆట జరిగే ఊరు చేరేసరికి మైదానం చుట్టూ జనం. పత్తి సేటు తన తెల్లగుర్రం పక్కన గొడుగు వేయించుకుని కూర్చున్నాడు. చిన్నమామ తన వెండి మొలతాడు విప్పి పందెం పెడతానన్నాడు. సేటు దాన్ని చేతిలో తూచి చూశాడు. "నేను పెట్టేది ఈ గుర్రాన్ని. నీ మొలతాడుకు దీని తోక గూడ రాదు పెద్దమనిషీ" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చిన్నమామ మొహం మాడిపోయింది. మెల్లగా ఆయన చూపు మా ఎద్దుల మీదికి పోయింది. మా ఆయన మాటలు తక్కువ మనిషి. "చిన్నాయనా, అవి ఆమెవి. ఆమెను అడుగు" అన్నాడు. అంతే అన్నాడు. అప్పుడు నేను వద్దని ఉంటే ఈ కథే లేదు. కానీ అంతమంది మగవాళ్ళు నా నోటి వైపు చూడటం నాకు జీవితంలో అదే మొదలు. తల మీద కొంగు సర్దుకుని, "కాయి మామా, తూర్పు" అన్నాను. సేటు పడమర తీసుకున్నాడు. వాళ్ళ వైపూ పందేలు దిక్కుల మీదనేనట. ఎద్దుల పగ్గాలు, గుర్రం కళ్ళెం మధ్యవర్తిగా సాయిబన్న చేతిలో పెట్టారు.

తూర్పున నిలబడ్డవాళ్ళవి తెల్ల చొక్కాలు, పడమర వాళ్ళవి ఎర్రవి. ఆట నాకు ముక్క అర్థం కాలేదు. అయినా ఎర్ర చొక్కాలవాళ్ళ కాళ్ళు పడిపోవాలని తెలిసిన దేవతలందరికీ మొక్కాను. తెల్ల చొక్కాలవాళ్ళు ఒక గోల్ కొట్టారు, కాసేపటికి ఇంకొకటి. చిన్నమామ గుర్రం దగ్గరికి పోయి దాని పళ్ళు చూడటం మొదలుపెట్టాడు. నేను మనసులో దాన్ని మా కొట్టంలో ఎక్కడ కట్టాలా అని ఆలోచిస్తున్నాను. (కర్రెద్దు దాన్ని ఓర్వదేమోనని దిగులు కూడా పడ్డాను.) అంతలో ఈల ఊదారు. ఆటగాళ్ళు నిమ్మకాయలు చప్పరించి, నీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి నిలబడ్డారు. తెల్లవాళ్ళు పడమర, ఎర్రవాళ్ళు తూర్పు.

"ఓరి వీండ్ల! తావు మర్సిపోయినారప్పా!" అని చిన్నమామ పంచె ఎగ్గట్టి మైదానంలోకి పరుగెత్తాడు. పొట్టేలును లాగినట్టు ఒక తెల్ల చొక్కా ఆటగాణ్ణి చెయ్యి పట్టుకుని, "నాయనా, నీది ఈడ కాదు, ఆడ. రా" అని తూర్పుకు లాగుతున్నాడు. పోలీసు వచ్చి ఆయన్నే అదే మాదిరి లాక్కొచ్చి మా దగ్గర కూలేశాడు. సగం ఆట కాగానే దిక్కులు మారడం దీని ధర్మమని అక్కడివాళ్ళు చెప్పారు. సేటు మోసగాడు కాడు. "తెలియక కాసినారు. ఇప్పుడే తేల్చుకోండి. ఆటగాళ్ళ మీద ఉంటారా, దిక్కు మీద ఉంటారా? దిక్కు మీదంటే ఆ దిక్కున నిలబడినోళ్ళు ఎవరు కొట్టినా ఆ దిక్కు లెక్కే. తర్వాత పేచీ వద్దు" అన్నాడు. సాయిబన్న నా చెవి దగ్గర, "చెల్లెమ్మా, తెల్ల చొక్కాయోళ్ళను ఇడ్సొద్దు తల్లీ" అని బతిమాలాడు. చిన్నమామ నా వైపు చూశాడు. నేనేమో రెండు గోల్స్‌తో నింగిలో ఉన్నాను. "తూర్పంటే తూర్పే మామా. రెండు మన దిక్కున పడినాయి గదా, యాడికి పోతాయి?" అన్నాను.

ఎక్కడికీ పోలేదు, రెండూ అక్కడే ఉన్నాయి. తెల్లవాళ్ళు పడమర నుంచి ఒకటి కొట్టారు. నేను కంగారుగా దేవతల దగ్గరికి తిరిగిపోయి, ఇందాక పడిపోవాలన్న కాళ్ళే ఇప్పుడు నిలబడాలని మొక్కాను. దేవతలు మొదటి మొక్కే విన్నట్టున్నారు. రెండోది పడింది. ఇక పొద్దు లేదు, అయిపోతుంది, సమానంగా పోతాం, ఎద్దులు దక్కుతాయి అనుకుంటూ పుల్లెద్దు మెడ కావలించుకుని కళ్ళు మూసుకున్నాను. జనం అరుపుకు తెరిచాను. మూడోది. తెల్లవాళ్ళు అయిదు గోల్స్‌తో గెలిచారు. మొదట మేం కోరుకున్న జట్టును జనం భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు. పడమర మూడు, తూర్పు రెండు. మేం ఓడిపోయాం.

పశువును ఇచ్చినా మెడకు కట్టిన పలుపు ఇవ్వకూడదు, అది మా ఆచారం. మా ఆయన రెండు పలుపులూ విప్పి నా చేతిలో పెట్టాడు. సేటు మనుషులు కొత్త తాళ్ళు కట్టి తోలుకుపోతుంటే కర్రెద్దు నడిచింది, పుల్లెద్దు నడవలేదు. నేను వెనక వస్తానేమోనని ఆగి చూసింది. నేను గట్టిగా ఏడ్చాను. నా ఏడుపు విని అది ఇంకా మొరాయించింది. చివరకు మా ఆయన నన్ను గోడ చాటుకు తీసుకుపోయాడు. అప్పుడు కదిలింది.

పందెం ఎద్దులకే గాని బండికి కాదు గదా అని, మర్నాడు పొద్దున చిన్నమామ, మా ఆయన కాడి కింద భుజాలు పెట్టారు. వెనక నేను, సాయిబన్న తోశాం. చౌకీ దగ్గర గుమాస్తా కాగితం తీశాడు. "బండి ఒకటి." బండిని చూశాడు. "జత ఒకటి." కాడి కింద వగరుస్తున్న ఇద్దరినీ పైనుంచి కిందికి చూశాడు. "సరిపోయింది, పోండి" అని కాగితం చింపేశాడు. చిన్నమామ మళ్ళీ కాడి భుజానికెత్తుకున్నాడు. ఏటి ఇసుకలో సగం దూరం పోయాక చక్రాలు దిగబడిపోయాయి. ముంగారు తొలకరి వానలకు నెలైనా లేదు, చేను దున్నేదెట్లా, అత్త మొహం చూసేదెట్లా అని నేను ఇసుకలో కూలబడ్డాను. అప్పటిదాకా ఒక్క మాట అనని మా ఆయన కాడి కింద నుంచే మెడ తిప్పి, "ఏమే, ఇంటికి యా దిక్కు పోవాల?" అన్నాడు.

"దక్షిణం" అన్నాను వెక్కుతూ.

"బాగా యోచన చేసి చెప్పు. నడుమలో మారదు గదా?"

ముందు సాయిబన్నకు నవ్వొచ్చింది, తర్వాత చిన్నమామకు. నవ్వీ నవ్వీ ఆయన ఏడ్చేశాడు.

అత్త మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడింది, అదే అన్యాయం. ఆ ఏడు ఊరంతా విత్తనాలు వేసుకున్నాక బదులు ఎద్దులతో చివరగా విత్తాం. పంట అందరికీ సగమైతే మాకు పావు. చిన్నమామ మళ్ళీ పందేనికి పోలేదు. నా నోరు కూడా పంచాంగం కాకుండా మామూలు నోరైపోయింది. మా ఆయన మాత్రం నలభై ఏళ్ళకు పైగా వాకిలి ఎటు పెట్టాలన్నా, మంచం ఎటు వేయాలన్నా, "ఆమెను అడగండప్పా, దిక్కుల సంగతి ఆమెకే ఎరుక" అని నన్ను ఉడికించేవాడు. ఆ రెండు పలుపులూ ఇంకా చిలక్కొయ్యకు వేలాడుతున్నాయి. వాటిని చూస్తే కొంగు సర్దుకుని "తూర్పు" అన్న ఆ పదిహేడేళ్ళ పిల్ల కనిపిస్తుంది. దాని చెంప పగలగొట్టాలనిపిస్తుంది, పక్కన కూర్చోబెట్టుకోవాలనీ అనిపిస్తుంది. మా ఆయన కిందటేడు నాకంటే ముందుగా దక్షిణానికే పోయాడు. ఈసారి మాత్రం నన్ను దిక్కు అడగలేదు.