సంతోష్ చెయ్యెత్తాకే

పిచ్చయ్య నోటికి తాళం లేదని సారపాకలో లారీలు నడిపేవాళ్లందరికీ తెలుసు. అలాంటి మనిషి వానాకాలం నుంచి ఒక్క మాటను కడుపులో దాచుకుని తిరుగుతున్నాడు. చివరికి ఇవాళ జూలూరుపాడులో బస్సు దిగి తండా దారి పట్టాడు. ఆ మాట వినాల్సిన మనిషి సక్రి. ఆమె కొడుకు సంతోష్ జవాను. చర్ల దాటాక అడవిలో ఉన్న క్యాంపులకు బియ్యం, పప్పులు మోసే లారీలకు కాపలా కాస్తూ మందుపాతర పేలి చనిపోయాడు. ఆ లారీల వరుసలో ముందున్నది పిచ్చయ్య బండే.

నడుస్తుంటే ఆ కుర్రాడు చెప్పిన ముచ్చట్లే గుర్తొచ్చాయి. తండ్రి చిన్నప్పుడే పోతే సక్రి మిరప తోటల్లో కూలి చేసి పెంచింది. వాడు తెల్లారకముందే జూలూరుపాడు రోడ్డు మీద పరుగులు తీసేవాడు. మొదటిసారి సెలక్షన్‌లో ఛాతీ చాల్లేదని పంపేశారు. "ఏడాదంతా జొన్న గట్క తిని పెంచిన మామా" అని రొమ్ము విరుచుకుని చూపించేవాడు. ఉద్యోగం రాగానే తల్లికి ప్రెషర్ కుక్కర్ కొన్నాడు. అది ఈల వేస్తే చాలు, సక్రి వాకిట్లోకి పరుగెత్తేదట. "బాంబులు దేవులాడేటోని తల్లి కుక్కర్‌కు భయపడ్తదా" అని ఫోన్లో ఏడిపించేవాడు.

వాడి పని నిజంగా బాంబులు వెతకడమే. లారీలు కదలకముందే జవాన్లు మిషన్లు పట్టుకుని దారంతా కాలినడకన వెతుకుతారు. లారీలు ముందు బండి చక్రాల జాడలోనే రావాలి. డ్రైవర్లు కిందికి దిగకూడదు. ఆ రూలు ఎవరు పెట్టారో గానీ డ్రైవర్లను బొత్తిగా ఎరగని వాడై ఉండాలి. అడవి మొదట్లో, దారి పక్కన ముత్యాలమ్మ రాయి ఉంది. దానికి కొబ్బరికాయ కొట్టకుండా బండి ముందుకు పోనిచ్చే డ్రైవరు ఆ చుట్టుపక్కల పుట్టలేదు. ఆఫీసర్లు ఎన్ని తిట్టినా దొంగచాటుగా దిగేవాళ్లు.

సంతోష్ మాత్రం తిట్టలేదు. "మీరెట్లయినా దిగుతరు మామా. నేను రాయి సుట్టూ చూసి చెయ్యెత్తినంక దిగుండ్రి" అన్నాడు. అలా చెయ్యమని వాడికి ఎవరూ చెప్పలేదు. వచ్చిన ప్రతిసారీ రాయి చుట్టూ మిషన్ తిప్పేవాడు, చెయ్యెత్తేవాడు. అప్పుడే డ్రైవర్లు దిగేవాళ్లు.

ఆ రోజు వాన పడుతోంది. పిచ్చయ్య కాయ పట్టుకుని లారీ మెట్టు మీద ఒక కాలు పెట్టాడు. సంతోష్ చెయ్యెత్తలేదు. "దిగకు మామా" అని అరిచాడు. పిచ్చయ్య కాలు లోపలికి లాక్కున్నాడు. రాయి పక్కన మందుపాతర ఒకటి కనిపించి వెనక్కి జరగబోయిన సంతోష్ పాదం కింద ఇంకొకటి పేలింది. ఆనాటి నుంచి అన్నం కలుపుకున్న ప్రతిసారీ పిచ్చయ్యకు అనిపిస్తుంది, ఈ ముద్ద ఆ పిల్లాడు పెట్టిందేనని.

తండాలో మాత్రం వేరే మాట పుట్టింది. దారి వదిలి పక్కకెందుకు పోయాడు, ఫోన్ మాట్లాడుతూ పోయి ఉంటాడు అని. ఆ తండా నుంచి సారపాకకు వచ్చే కూలీ ఒకడు చెప్పాడు, సక్రి నలుగురిలో కూర్చోవడమే మానేసిందని. అది విన్నాక పిచ్చయ్య ఆగలేకపోయాడు. అయినా భయం వదల్లేదు. నీ కొబ్బరికాయ కోసం నా కొడుకు పోయాడా అని ఆ తల్లి అడిగితే ఏం చెప్పాలి?

సక్రి వాకిట్లో ఎండుమిర్చి తొడిమలు తీస్తోంది. పిచ్చయ్య తానెవరో చెప్పుకుని, నిలబడే అంతా చెప్పేశాడు.

"ఫోన్ గీన్ ఏం లేదు చెల్లె. చేతిల మిషనే ఉండె. మమ్ముల కాపాడనీకే పక్కకు పోయిండు. తప్పు మాది, కాయ నాది."

సక్రి చేతిలోని మిర్చి పక్కన పెట్టింది. తర్వాత, "దిగకుమన్నంక నువ్వు దిగినవా?" అని అడిగింది.

"దిగలే చెల్లె."

"నీకు పిల్లలున్నరా?"

"బిడ్డ ఉంది, హైమ. మొన్ననే దానికి కొడుకు పుట్టిండు. నీ కొడుకు పుణ్యాన మనుమణ్ణి ఎత్తుకున్న." పిచ్చయ్య రెండు చేతులూ జోడించాడు.

"సల్లగుండనీ" అంది సక్రి. చేతులకు మిర్చి ఘాటు అంటుకుని ఉండడంతో మోచేత్తో కళ్లు తుడుచుకుంది. లేచి, తండా పెద్ద హాతీరాంను పిలిచి అందరినీ రమ్మని చెప్పమంది. జనం పోగయ్యేదాకా పిచ్చయ్యను కదలనివ్వలేదు.

"ఇప్పుడు నాకు చెప్పిందే వీళ్లకు చెప్పన్నా. మొదటికెల్లి చెప్పు. గట్టిగ చెప్పు."

పిచ్చయ్య గొంతు సవరించుకుని, "కాయ నాది" అని మొదలుపెట్టాడు. సక్రి వెళ్లి అందరి మధ్యలో కూర్చుని, కొడుకు కథ మొదటి నుంచి వినసాగింది.