తలుపు మీద వేసిన నేరం

గ్లెనిస్ ట్రాంటర్ ఎడమచేతి చిటికెన వేలు వంకర. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు తండ్రి క్లారీ కత్తి పిడితో కొట్టి విరగ్గొట్టాడు, పళ్లెంలో మాంసం చల్లారిపోయిందని. ఆస్ట్రేలియాలోని వార్నంబూల్ ఊరి కబేళాలో పశువుల గొంతులు కోసే పని ఆయనది. ఆ చెయ్యి ఇంటికొచ్చాక కూడా ఊరుకునేది కాదు. బడిలో టీచరు అడిగితే కారు తలుపులో నలిగిందని చెప్పమంది తల్లి. గ్లెనిస్ అలాగే చెప్పింది. మరుసటేడు తల్లి దవడ పగిలింది. అదీ తలుపే. ఆ ఇంట్లో తలుపులు చేసినన్ని ఘోరాలు లోకంలో ఏ దుర్మార్గుడూ చేసి ఉండడు.

పదిహేడేళ్లకు గ్లెనిస్ కూడా అదే కబేళాలో చేరింది. పందొమ్మిదో ఏట ఒక సాయంత్రం, తండ్రి తల్లిని జుట్టు పట్టి గోడకేసి బాదుతుంటే, మాంసం ఒలిచే కత్తి తెచ్చి ఆయన మెడకు ఆనించింది. రక్తం సన్నగా చారిక కట్టింది. క్లారీ మళ్లీ పెళ్లాం మీద చెయ్యెత్తలేదు. గ్లెనిస్ మాత్రం తనలో ఉన్నదేమిటో చూసుకుని హడలిపోయి, మెల్‌బోర్న్ వెళ్లిపోయింది.

అక్కడా చంపే పనే దొరికింది. ఒక పరిశోధనశాలలో ఎలుకల మెడ విరిచి, ప్లీహం కోసి, జల్లెడ మీద నలిపి కణాలు తీసేది. చేతి నేర్పు చూసి యాంటీబాడీల గదికి మార్చారు. ముప్ఫై ఏళ్లు ఆ గదిలోనే గడిపింది. రంగు అంటించిన యాంటీబాడీలు ఒక్కోటీ ఒక్కో రకం రక్షణ కణాన్నే వెతికి పట్టుకుంటాయి. ఆ కణాల్ని యంత్రంలో లేజర్ ముందు నుంచి ఒక్కొక్కటిగా పంపితే, వెలిగిన రంగును బట్టి అది ఏ కణమో తెలుస్తుంది. కొన్ని రంగులు కాడి కట్టిన జోడెద్దుల లాంటివి. మొదటి రంగు వెలుతురు మింగి రెండోదానికి అందిస్తుంది, రెండోది వెలుగుతుంది. ఎండ తగిలితే రెండోది చస్తుంది. అప్పుడు మొదటిది తన సొంత రంగులో వెలిగి, కణం మీద లేని గుర్తును ఉన్నట్టు చూపి యంత్రాన్ని మోసం చేస్తుంది. అందుకే గ్లెనిస్ గదిలో మిట్టమధ్యాహ్నం కూడా దీపాలార్పి, గొట్టాలకు అల్యూమినియం రేకు చుట్టి పనిచేసేవారు. పొరపాటున దీపం వేసినవాడికి చీవాట్లు తప్పేవి కావు.

ఆ పద్ధతిని లెక్కచెయ్యనివాడు ఒక్కడే, పరిశోధన బృందానికి పెద్ద అలిస్టర్ హేల్. కోపమొస్తే చేతిలో ఉన్నది విసిరేవాడు. ఒకసారి స్టూలు విసిరితే ఒక విద్యార్థిని చెవి చీలింది. గొప్ప మేధావి కదా అని అందరూ నోరు మూసుకున్నారు. మేధావులకు స్టూళ్లు విసిరే హక్కు ఎవరిచ్చారో నాకైతే తెలియదు. ఒక వేసవిలో అతను కిటికీ తెర ఎత్తి, ఎండలో కూర్చుని, క్రికెట్ వింటూ తనే గొట్టాలు కలిపాడు. ఆ వేసవిలోనే రెండు రకాల కణాల గుర్తులూ ఒకేసారి ఉన్న కొత్త కణాన్ని కనిపెట్టాడు. తాము పరిశోధిస్తున్న రోగానికి మూలం అదేనన్నాడు. కొన్నేళ్లకు దాన్ని చంపే మందు తయారైంది. వచ్చే సోమవారం ఆరుగురు రోగులకు ఎక్కించబోతున్నారు.

గ్లెనిస్ కొత్త యాంటీబాడీ సీసాతో, చీకట్లో, అదే పరీక్ష మూడుసార్లు చేసి చూసింది. కొత్త కణం లేనే లేదు. అవన్నీ మనిషిని కాపాడే మామూలు కణాలు. ఆ మందు ఎక్కితే ఆ ఆరుగురూ చిన్న జలుబుకే ప్రాణం వదులుతారు.

గురువారం మధ్యాహ్నం కోల్డ్‌రూం గుమ్మంలో అలిస్టర్‌కు ఆ సంగతి చెప్పింది. ఫలితాలు చెరిపెయ్యమన్నాడు. కుదరదంది, రేపటి మీటింగులో అందరి ముందూ చెబుతానంది. ఆమె కుడిచెయ్యి ద్వారబంధం మీదుంది. అలిస్టర్ ఆ బరువైన తలుపును భుజంతో కుమ్మాడు. మూడు వేళ్లు పటపట విరిగాయి. తలుపు తెరిచి మళ్లీ కుమ్మాడు.

“తలుపు దగ్గర కాస్త చూసుకోవాలి గ్లెన్. వయసైపోతోంది నీకు,” అన్నాడు రొప్పుతూ.

ఆ మాట వేళ్ల నొప్పి కంటే లోతుగా దిగింది. ఎడమచేత్తో పక్క బల్ల మీదున్న, ప్లీహాలు కోసే కత్తెర అందుకుని, అతణ్ణి గోడకు నెట్టి, మొన దవడ కింద గుచ్చింది. రక్తం కాలరులోకి కారింది. నిజంగానే చంపాలనుకుంది. ఎంత లోతు దించితే ఎంతసేపట్లో ప్రాణం పోతుందో కబేళాలో నేర్చుకున్న మనిషి. అలిస్టర్ ప్యాంటు తడిసింది.

“నిన్ను చంపితే నీ కణం బతికిపోద్ది,” అని కత్తెర కింద పడేసింది.

మర్నాడు పొద్దున చేతి కట్టుతోనే వచ్చింది. తన రక్తమే తీయించుకుని, చీకటి గదిలో ఎడమచేత్తో దాన్ని రెండు గొట్టాల్లో పోసి, రెండిట్లోనూ ఒకే యాంటీబాడీలు కలిపింది. ఒకదానికి రేకు చుట్టి దాచింది. రెండోది మీటింగు గది కిటికీలో, ఎండలో పెట్టింది. గ్లెన్ చెయ్యి తలుపులో నలిగిందని అలిస్టర్ అప్పటికే అందరికీ చెప్పి ఉన్నాడు. దవడకు ప్లాస్టరు వేసుకుని తన కణం గొప్పతనం గంటన్నర చెప్పాడు. అతను ముగించగానే గ్లెనిస్ లేచి, డైరెక్టర్ రోజలిన్‌ను, మిగతావాళ్లను యంత్రం దగ్గరకు తీసుకెళ్లి రెండు గొట్టాలూ పెట్టింది. రేకు చుట్టినదాంట్లో కొత్త కణం లేదు. ఎండలో పెట్టినదాంట్లో యంత్రం తెర నిండా అదే.

“రెండిట్లోనూ నా రక్తమే. నాకే జబ్బూ లేదు,” అంది.

రోజలిన్ అక్కడికక్కడే ఫోను చేసి సోమవారం మందు ఆపించింది. అలిస్టర్ కుర్చీ ఎత్తి తెర బద్దలుకొట్టాడు. గాజు పెంకులు ఎగిరి ఒకతని నుదురు చీరాయి. ఇద్దరు కలిసి అలిస్టర్‌ను నేలకు అదిమిపట్టారు.

రోజలిన్ చూపు అప్పుడు గ్లెనిస్ కట్టు మీద పడింది. నిజంగా తలుపేనా అని మెల్లగా అడిగింది.

“తలుపు కాదు. అలిస్టర్,” అంది గ్లెనిస్.

అని, ఎడమచెయ్యి పైకెత్తి వంకర వేలు చూపించింది.

“ఇదీ తలుపు కాదు. మా నాన్న.”